పాత కేసును వదల్లేను, కొత్త కేసు ఆగదు... ఏం చేయాలి సార్?

ప్రశ్న: సార్, నమస్తే. ఆరేళ్లుగా హత్య కేసుల దర్యాప్తులో ఉన్నాను. ఎనిమిది నెలల కిందట పదకొండేళ్ల నాటి ఒక కేసు నా చేతికిచ్చారు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, ఎవరు చంపారో తేలలేదు. వాళ్లమ్మ ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చి, బయట బల్ల మీద కాసేపు కూర్చుని వెళ్తుంది. అప్పట్లో ఆ వీధిలో రాత్రి కాపలా ఉన్న ఒక పెద్దాయన ఈ మధ్యే నాతో మాట్లాడతానన్నాడు. సరిగ్గా అప్పుడే, మూడు వారాల కిందట, ఇంకో మహిళ హత్య జరిగింది. అదీ నా మీదే పడింది. టీమ్‌లో నలుగురమే. పై అధికారి 'పాతది పక్కన పెట్టు' అంటున్నారు. ఇంకో మాట, ఇది ఎవరికీ చెప్పలేదు: రెండు చోట్లా చనిపోయినవాళ్ల చెప్పులు జతగా ఒక పక్కన పెట్టి ఉన్నాయి. రెండూ ఒకడి పనేనేమో అనిపిస్తోంది. నిజంగానే అలా ఉందా, లేక పాత కేసు వదలడం ఇష్టంలేక నేనే అలా అనుకుంటున్నానా? రాత్రిళ్లు నిద్ర లేదు. ఆ అమ్మాయి ఫోటో నా టేబుల్ మీదే ఉంది, అది తీసేయమని మా ఆయన అంటున్నారు. తీసేయాలా?

సమాధానం: అమ్మా, ముందు ఆ కాపలా పెద్దాయన దగ్గరికి వెళ్లండి. ఇదంతా చదివే తీరిక లేకపోయినా ఈ ఒక్క పనీ చేయండి, ఈ వారంలోనే, మీరే స్వయంగా. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఒకప్పుడు నేను వెళ్లలేదు.

సర్వీసులో ఉండగా నా దగ్గరా ఇలాగే తొమ్మిదేళ్ల నాటి కేసు ఒకటి ఉండేది. చనిపోయినతని పక్క గదిలో అప్పట్లో అద్దెకున్న ఒకాయన, నేను ఫోన్ చేస్తే, 'రండి, అప్పుడు చెప్పనిది ఒకటుంది' అన్నాడు. ఆ సాయంత్రమే ఇంకో చోట జంట హత్యలు జరిగాయి. ఇది ఒక కొలిక్కి వచ్చాక వెళ్దాంలే అనుకున్నాను. నాలుగు వారాలు గడిచాయి. కాస్త ఊపిరి తీసుకునే వీలు దొరికి ఆ ఇంటికి వెళ్తే, నాన్న పోయి తొమ్మిది రోజులైందని కొడుకు చెప్పాడు. గుమ్మంలోనే నిలబడి, 'మీకేమైనా చెప్పారా' అని అడిగాను. 'ఏం చెప్పలేదండీ, మీరొస్తారని రెండు రోజులు పొద్దున్నే మంచి చొక్కా వేసుకుని కూర్చున్నాడు' అన్నాడు. ఆయన చెప్పాలనుకున్నదేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ కేసు కూడా అలాగే ఉండిపోయింది.

మీ పై అధికారి కొత్త కేసు ముందు చూడమనడంలో తప్పేమీ లేదు. హత్య జరిగిన తొలి రోజుల్లో దొరికేవి తర్వాత దొరకవు. సీసీ కెమెరా రికార్డరు నిండగానే పాతదాన్ని చెరిపి దాని మీదే కొత్తది రాసుకుంటుంది, కొన్నిచోట్ల వారానికే, కొన్నిచోట్ల నెలకి. వాన పడితే నేల మీది గుర్తులు పోతాయి. చేసినవాడు బట్టలు ఉతికేస్తాడు, ఫోన్ మార్చేస్తాడు, చూసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని పది రోజులకల్లా అందరూ ఒకే కథ చెప్పడం మొదలుపెడతారు. ఇదంతా మీకు తెలిసిందే. కానీ పాత కేసులో గడియారం ఆగిపోయి ఉంటుందని అందరూ అనుకుంటారు చూడండి, పదకొండేళ్లు ఆగింది ఇంకో మూడు నెలలు ఆగదా అని, అక్కడే దెబ్బ తింటాం. వస్తువులు ఆగుతాయి, సరిగ్గా దాచి ఉంటే. మనుషులు ఆగరు. పెద్ద వయసు సాక్షి పోతాడు, లేదా మతిమరుపు వస్తుంది, లేదా ఇంట్లోవాళ్లు 'ఈ వయసులో ఈ గొడవ నీకెందుకు' అని నోరు మూయిస్తారు. ఈ రోజు చెప్తానన్న మనిషికి వచ్చే నెల అదే ధైర్యం ఉంటుందని నమ్మకం లేదు.

అందుకని ఏ కేసు ముఖ్యం అని తూకం వేయకండి, వేస్తే ప్రతిసారీ కొత్తదే బరువు తూగుతుంది. వారం మొదట్లో ఒక్కటే అడగండి మిమ్మల్ని మీరు: ఈ వారం చేయకపోతే మళ్లీ ఎప్పటికీ చేయలేని పని ఏది? రెండు ఫైళ్లూ ముందు పెట్టుకుని అడగండి. కొత్త కేసులో అలాంటివి ఏడెనిమిది వస్తాయి, పాత కేసులో ఒకటో రెండో వస్తాయి, కొన్ని వారాలు ఒక్కటీ రాదు. వచ్చిన వారం మాత్రం అది వాయిదా పడకూడదు. మిగతా పాత కేసు పనులన్నీ, అంటే పాత స్టేట్‌మెంట్లు మళ్లీ చదవడం, పేర్లు సరిచూడటం లాంటివి, నిజంగానే ఆగుతాయి. వాటికోసం రాత్రిళ్లు మేలుకోకండి.

ఇంకోటి గమనించండి. మీ కొత్త కేసుకి మూడు వారాలైంది. అంటే ల్యాబ్‌కి పంపాల్సినవి పంపేసి ఉంటారు, కాల్ డేటా అడిగి ఉంటారు, పూర్తి రిపోర్టుల కోసం చూస్తూ ఉంటారు. ఈ దశలో దర్యాప్తులో చాలా భాగం ఎదురుచూపే. కానీ ఆ ఎదురుచూపులో ఊరికే కూర్చోలేక, టెన్షన్ తట్టుకోలేక, అడిగిన ఇరుగుపొరుగునే ఐదోసారి అడుగుతాం, చూసిన ఫుటేజే మళ్లీ చూస్తాం, పై అధికారికి కనిపించేలా పరుగులు పెడతాం. నేనూ పెట్టాను. అందులో తేలేదేమీ ఉండదు. పైగా సాక్షిని ఐదోసారి అడిగితే, మన ప్రశ్నల్లోంచే కొత్త జ్ఞాపకాలు తయారవుతాయి. ఆ ఖాళీ గంటలే మీ పాత కేసు గంటలు. వాటిని మీరు దొంగిలించడం లేదు, అవి ఉన్నవే.

పై అధికారితో మాట్లాడేటప్పుడు ఆ తల్లి గురించి చెప్పకండి, మీ నిద్ర గురించి అసలు చెప్పకండి. ఆయన మీద పైనుంచి ఒత్తిడి ఉంటుంది, జాలి మాటలు వినే స్థితిలో ఉండడు. ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాసి తీసుకెళ్లండి: సాక్షి వయసు ఎంత, ఆరోగ్యం ఎలా ఉంది, ఇప్పుడు మాట్లాడకపోతే ఏం పోతుంది, నాకు కావలసింది రెండు మధ్యాహ్నాలు, ఒక మనిషి. అంతే. 'పాత కేసుకి టైమివ్వండి సార్' అంటే ఎవరైనా కాదంటారు. గురువారం, శుక్రవారం మధ్యాహ్నాలు అని చెప్తే కాదనడానికి ఆయనకూ ఒక కారణం కావాలి. ఒకవేళ కాదన్నా, మీరు అడిగినట్టూ ఆయన కాదన్నట్టూ కేసు డైరీలో తేదీతో సహా ఒక్క వాక్యం రాయండి. ఇది ఎవరి మీదా కక్షతో చేసే పని కాదు. రేపు మీ కుర్చీలో కూర్చునేవాళ్లకి ఈ దారి ఎక్కడ ఆగిపోయిందో తెలియాలి.

మనుషుల విషయానికొస్తే, మీ నలుగురిలో ఒకరిని పాత కేసుకి వారానికి ఒక రోజు కట్టేయండి, వీలైతే పదకొండేళ్ల కిందటి దర్యాప్తుతో ఏ సంబంధమూ లేనివాళ్లని. అప్పటి దర్యాప్తు అధికారి బతికుంటే ఆయన్నీ కలవండి, కానీ ఫైలు మొత్తం మీరు చదివాకే. ముందే కలిస్తే ఆయన కళ్లతో చదువుతారు. 'ఫైల్లో రాయనిది ఏమైనా ఉందా సార్, మీ మనసులో ఎవరుండేవారు, ఎందుకు వదిలేశారు' అని మర్యాదగా అడిగితే చాలామంది చెప్తారు. తేలని కేసు వాళ్లనీ వదలదు.

ఇప్పుడు రెండు కేసులు ఒకే తలలో పెట్టుకోవడం గురించి. దీనివల్ల ఏమవుతుందో చెప్తాను, నాకు సిగ్గుగా ఉన్నా చెప్తాను. ఒకసారి కొత్త కేసులో చనిపోయిన అమ్మాయి తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నాను. ముందు రాత్రి రెండు గంటల దాకా పాత ఫైలు చదివాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన కూతురి పేరుకి బదులు ఆ పాత కేసులో అమ్మాయి పేరు అనేశాను. ఆయన నన్ను సరిదిద్దలేదు. మాట ఆపి, తల దించుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. క్షమించమని అడిగాను, పర్లేదండీ అన్నాడు, కానీ ఆ తర్వాత నేనేం అడిగినా ఒక్క ముక్కలోనే జవాబు. అతను మాకు చెప్పాల్సిన విషయం ఒకటుంది, అది ఆరు వారాల తర్వాత ఇంకొకరి ద్వారా తెలిసింది.

అప్పటినుంచి రెండు నోటు పుస్తకాలు వాడాను, వేరే వేరే రంగు అట్టలతో. ఒకటి మూసి సొరుగులో పెట్టాకే రెండోది తీయాలి. ఒక కేసు నుంచి ఇంకో కేసుకి మారేముందు ఐదు నిమిషాలు బయట నడిచేవాణ్ణి. కొత్త కుటుంబంతో మాట్లాడేముందు చనిపోయిన మనిషి పేరు, వయసు, ఇంట్లోవాళ్ల పేర్లు ఒకసారి చేత్తో రాసుకునేవాణ్ణి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది, కానీ పనిచేస్తుంది. పుస్తకాలు వేరుగా ఉండటానికి ఇంకో గట్టి కారణం కూడా ఉంది, రేపు కోర్టులో డిఫెన్స్ లాయర్ మీ నోట్సు చూపించమంటే, ఒకే పేజీలో రెండు కేసుల సంగతులు కలిసి ఉంటే, ఈవిడ ఒక కేసులో చూసింది ఇంకో కేసులో ఊహించుకుంది అని తేలిగ్గా అనేస్తాడు.

ఇక మీ అసలు ప్రశ్న. చెప్పులు.

నిజంగానే ఉందా, మీరే అనుకుంటున్నారా అన్నారు. ఆ ప్రశ్న మీరు వేసుకున్నారంటేనే నాకు సగం ధైర్యం వచ్చింది. వేసుకోనివాళ్ల దగ్గరే ప్రమాదం. ముందు చేయాల్సింది, పాత కేసు ఫోటోలు అసలు వరుసలో తెప్పించుకోండి, ఆల్బమ్‌లో అతికించిన వరుస కాదు, కెమెరాలో తీసిన వరుస. మొదటి ఫోటోలో చెప్పులు ఎక్కడున్నాయి, పదో ఫోటోలో ఎక్కడున్నాయి? నా కేసుల్లో ఒకదాంట్లో ఇలాగే ఒక 'గుర్తు' గురించి నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం, చివరికి తేలిందేమిటంటే ముందుగా అక్కడికి వెళ్లిన కానిస్టేబుల్, జనం తొక్కుతారేమోనని ఆ వస్తువు తీసి గోడ పక్కన పెట్టాడు. అతను దాచలేదు, అడిగితే చెప్పేవాడే, ఎవరూ అడగలేదు. మీ రెండు చోట్లకీ మొదట చేరుకున్నదెవరో, శవాన్ని మొదట చూసిందెవరో, వాళ్లలో ఎవరైనా చెప్పులు ముట్టుకున్నారేమో అడగండి. ఊరికే అడగండి, మీకేం కావాలో తెలియనివ్వకుండా.

ఒకే చెయ్యి అనే నమ్మకం ఎంత దూరం లాక్కెళ్తుందో చూడాలంటే జర్మనీ కేసు గుర్తు తెచ్చుకోండి. హైల్‌బ్రాన్ అనే పట్టణంలో 2007లో ఒక మహిళా పోలీసును కాల్చి చంపారు. అక్కడ దొరికిన డీఎన్‌ఏ ఒక గుర్తు తెలియని మహిళది. అదే డీఎన్‌ఏ 1993 నాటి ఒక పాత హత్యలోనూ, జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో పదుల కొద్దీ నేరాల్లోనూ కనిపించింది. ఏళ్ల తరబడి ఆ మహిళ కోసం వెతికారు. 2009లో తెలిసింది, ఆవిడ నేరస్తురాలే కాదు, నమూనాలు తీయడానికి వాడే దూది పుల్లల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. ఆ పుల్లల్ని క్రిములు లేకుండా శుద్ధి చేశారు, కానీ క్రిములు చచ్చినంత మాత్రాన డీఎన్‌ఏ పోదు. పాత హత్యనీ కొత్త హత్యనీ కలిపింది హంతకుడు కాదు, దర్యాప్తు చేసినవాళ్ల చేతిలోని పుల్ల. మీ రెండు కేసుల్లో కలిసేది ఏదైనా సరే, అది నేరం చేసినవాడి నుంచి వచ్చిందా, మన వైపు నుంచి వచ్చిందా అని ముందు చూడాలి.

అలాగని కొట్టిపారేయమని చెప్పడం లేదు. ఇంగ్లండ్‌లో లెస్టర్‌షైర్‌లో 1983లో ఒక పదిహేనేళ్ల అమ్మాయి, మూడేళ్ల తర్వాత 1986లో ఆ దగ్గర్లోనే ఇంకో పదిహేనేళ్ల అమ్మాయి హత్యకు గురయ్యారు. ఇద్దర్నీ ఒకడే చంపాడని పోలీసులు గట్టిగా నమ్మారు. ఒక పదిహేడేళ్ల కుర్రాడు రెండో హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు, మొదటిది మాత్రం కాదన్నాడు. మొదటిది కూడా వీడే అని రుజువు చేయడం కోసం, లెస్టర్ యూనివర్సిటీలో 1984లో డీఎన్‌ఏతో మనిషిని గుర్తించే పద్ధతి కనిపెట్టిన అలెక్ జెఫ్రీస్ దగ్గరికి వెళ్లారు. పరీక్షలో వచ్చిన జవాబు ఇది: రెండూ ఒకడి పనే, కానీ ఆ ఒకడు ఈ కుర్రాడు కాదు. చేయని హత్యని ఒప్పుకున్నాడు పాపం. తర్వాత ఆ చుట్టుపక్కల వేల మంది మగవాళ్ల దగ్గర నమూనాలు తీసుకున్నారు, అయినా దొరకలేదు, ఎందుకంటే కాలిన్ పిచ్‌ఫోర్క్ అనేవాడు తన బదులు తోటి ఉద్యోగిని పంపించాడు. ఆ ఉద్యోగి ఒకచోట నలుగురిలో ఆ మాట అనడం, విన్న ఒకావిడ పోలీసులకి చెప్పడం, 1987లో పిచ్‌ఫోర్క్ దొరకడం, 1988లో శిక్ష పడటం జరిగాయి.

ఈ కథ ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. రెండు హత్యలూ ఒకడి పనా అనేది ఒక ప్రశ్న, ఆ ఒకడెవరు అనేది ఇంకో ప్రశ్న. మొదటిదాంట్లో వాళ్లు కరెక్టే, రెండోదాంట్లో పూర్తిగా తప్పు. మీరు కూడా రెండూ ఒకేసారి తేల్చాలని చూడకండి. కొత్త కేసులో ఒక మనిషి మీద అనుమానం వచ్చిందనుకోండి, వెంటనే పదకొండేళ్ల కిందట వీడెక్కడున్నాడు అని మనసు పరిగెడుతుంది. ఆ పరుగు ఆపుకోవాలి. కొత్త కేసు దాని సొంత సాక్ష్యంతో నిలబడాలి. పాతదాన్ని ఊతకర్రగా వాడుకుంటే, పాతది కూలిన రోజు రెండూ కూలిపోతాయి.

మరి అనుమానాన్ని ఏం చేయాలి? కాగితం మీద పెట్టండి. ఈ రోజు తేదీ వేసి, ఏం చూసి అలా అనిపించిందో రాయండి. దాని కిందే, ఏది తెలిస్తే ఇది తప్పని ఒప్పుకుంటానో కూడా ఇప్పుడే రాయండి, సమాచారం రాకముందే. తర్వాత రాస్తే మనసు మనకి అనుకూలంగా గీత జరుపుతుంది. ఆ తర్వాత మీ టీమ్‌లో ఒకరికి, మీ అనుమానం చెప్పకుండా, రెండు ఫైళ్లలోని పేర్లు, ఫోన్ నంబర్లు, బండి నంబర్లు, అడ్రసులు అన్నీ ఒక పట్టికలో ఎక్కించమనండి. సాక్షులు, ఇంటి యజమానులు, సరుకులు తెచ్చినవాళ్లు, శవాన్ని చూసి ఫోన్ చేసినవాళ్లు, అందరూ. రెండింట్లోనూ ఒకే పేరు ఉందా లేదా అన్నది పట్టికే చెప్తుంది. ఇది చాలా విసుగు పుట్టించే పని. కానీ ఇంగ్లండ్‌లోనే యార్క్‌షైర్ హత్యల్లో జరిగింది చూడండి, 1975 నుంచి 1980 దాకా పదమూడు మంది మహిళల్ని చంపిన పీటర్ సట్‌క్లిఫ్‌ని పోలీసులు తొమ్మిది సార్లు ప్రశ్నించి వదిలేశారు. అతని పేరు పోలీసులు సమాచారం రాసుకున్న వేరే వేరే కార్డుల మీద పడి ఉంది, ఆ కార్డులన్నీ ఒకచోటికి రాలేదు. దానికి తోడు 1979లో ఎవడో ఒకడు హంతకుణ్ణి నేనే అని తన గొంతు రికార్డు చేసి టేపు పంపితే, ఉన్నతాధికారులు నమ్మేసి, ఆ యాసలో మాట్లాడనివాళ్లని అనుమానితుల జాబితా నుంచి తీసేశారు. ఆ టేపు వచ్చాక ఇంకో ముగ్గురు చనిపోయారు. సట్‌క్లిఫ్ చివరికి 1981లో కారుకి దొంగ నంబరు ప్లేట్లు పెట్టుకుని మామూలు తనిఖీలో దొరికాడు. ఆ దెబ్బతోనే బ్రిటన్‌లో పెద్ద కేసుల కాగితాలన్నీ కంప్యూటర్‌లో కలిపి చూసే హోమ్స్ అనే వ్యవస్థ వచ్చింది. టేపు పంపినవాడు కూడా, తాను రాసిన ఉత్తరం కవరు అంటించేటప్పుడు నాలుకతో తడిపిన జిగురులో మిగిలిన డీఎన్‌ఏ వల్ల, పాతికేళ్లు దాటాక 2005లో పట్టుబడ్డాడు.

పాత కేసు వస్తువుల గురించి ఒక జాగ్రత్త, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆ చెప్పులు ఇంకా సీలు వేసిన కవర్లోనే ఉంటే మీరు తెరవకండి. చూడాలని చేతులు లాగుతాయి, నాకు తెలుసు. పాత కవరు చేతిలోకి తీసుకుంటే కాగితం అంచులు పెళుసెక్కి ఉంటాయి, సీలు మీద సంతకం సగం వెలిసిపోయి ఉంటుంది, లోపల ఆ అమ్మాయి వస్తువు ఉంది. అయినా తెరవకండి. ముందు కవరు నాలుగు వైపులా ఫోటో తీయండి, సీలు ఎలా ఉందో రాయండి, ఇప్పటిదాకా అది ఎవరెవరి చేతులు మారిందో రిజిస్టర్‌తో సరిచూసుకుని, అలాగే ల్యాబ్‌కి పంపండి. కాగితం కవరు కాకుండా ప్లాస్టిక్ సంచీలో ఉంటే ల్యాబ్‌కి ముందే చెప్పండి, లోపల తేమ చేరి బూజు పట్టి ఉండొచ్చు. రెండు కేసుల వస్తువులూ ఒకే రోజు, ఒకే టేబుల్ మీదకి, ఒకే మనిషి చేతిలోకి రాకూడదు. లండన్‌లో 1993లో హత్యకు గురైన స్టీఫెన్ లారెన్స్ కేసులో, అప్పట్లో స్వాధీనం చేసుకున్న ఒక అనుమానితుడి జాకెట్ కాలర్ మీద అర మిల్లీమీటరంత రక్తపు మరక చాలా ఏళ్ల తర్వాత జరిగిన పరీక్షలో బయటపడింది. దాంతోపాటు దొరికిన మరికొన్ని ఆధారాలతో 2012లో ఇద్దరికి శిక్ష పడింది. ఆ విచారణలో డిఫెన్స్ పెట్టిన ముఖ్య వాదన, వస్తువులు భద్రపరిచిన చోట వేరే సంచీల నుంచి ఆ రక్తం అంటుకుంది అని. ఆ వాదనకి జవాబు చెప్పగలిగారు కాబట్టి కేసు నిలబడింది. మీ రెండు కేసులకీ నిజంగా సంబంధం ఉంటే, ఆ సంబంధాన్ని మీ చేతులతో మీరే పాడుచేసుకోకూడదు.

పాత ఫైలు చదివేటప్పుడు, ఏడెనిమిది స్టేట్‌మెంట్లు ఒకే వాక్యంతో ముగిశాయా చూడండి, 'ఇంతకుమించి నాకేమీ తెలియదు' అని. అది సాక్షి గొంతు కాదు, రాసినాయన కలం. అలాంటివాళ్లని నిజంగా ఎవరూ ఏమీ అడగలేదని అర్థం. ఇంకా, అప్పుడు ఎవరితో ఎవరికి సంబంధముండేదో, ఇప్పుడెలా ఉందో పక్కపక్కన రాసుకోండి. అప్పట్లో 'ఆ రాత్రి మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు' అన్న భార్య ఇప్పుడు విడిపోయి ఉండొచ్చు. ప్రాణ స్నేహితులు మాటల్లేకుండా పోయి ఉండొచ్చు. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. పాత కేసుకి కాలం శత్రువే, కానీ ఈ ఒక్క విషయంలో మనకి సాయం చేస్తుంది.

ఆ పెద్దాయనతో మాట్లాడేటప్పుడు ఫోటోలు తీసుకెళ్లకండి, కనీసం మొదటిసారి. కొత్త హత్య ఊసు ఎత్తకండి, చెప్పుల మాట మీ నోటి వెంట రాకూడదు. ఆయనతోనే ఆ రాత్రి మొదలుపెట్టించండి, డ్యూటీకి ఎన్నింటికి వచ్చాడు, ఎక్కడ కూర్చునేవాడు, ఆ రోజు వాతావరణం ఎలా ఉంది, అలా. మధ్యలో ఆపితే మీరు నోరు తెరవకండి, ఆ మౌనం తర్వాత వచ్చేదే చాలాసార్లు విలువైనది. గుర్తులేదు అంటే గుర్తులేదనే రాయండి, సాయం చేయకండి. వీలుంటే రికార్డు చేయండి, ఆయన కోర్టు దాకా ఉంటాడో లేదో మనకి తెలియదు కాబట్టి ప్రాసిక్యూటర్‌ని ముందే అడిగి, చట్టప్రకారం నిలిచేలా వాంగ్మూలం ఎలా తీసుకోవాలో కనుక్కోండి. మరో ముఖ్యమైన ప్రశ్న: పదకొండేళ్లు ఎందుకు చెప్పలేదు? తప్పు పట్టే గొంతుతో కాదు, మామూలుగా అడగండి. ఆయన ఎవరికి భయపడ్డాడన్నది చాలా చెప్తుంది.

ఆ తల్లికి 'దగ్గరికొచ్చాం' అని చెప్పకండి. మీకు ఆ మాట అనాలని ఉంటుంది, ఎనిమిది నెలలుగా ఆవిడ ముఖం చూస్తున్నారు కదా. ఆ మాట పట్టుకుని ఆవిడ నెల రోజులు బతుకుతుంది, అది నిలబడకపోతే ఇంకోసారి కూతుర్ని పోగొట్టుకున్నట్టే. కొత్త కేసు వచ్చిందని మాత్రం మీరే చెప్పండి, టీవీలో చూసి తెలుసుకోకూడదు. 'ఇంకో కేసు వచ్చిందమ్మా, మీ అమ్మాయి ఫైలు మూయలేదు, వారానికి ఇన్ని గంటలు దీనికే, నేను మీకు మళ్లీ ఫలానా తేదీన ఫోన్ చేస్తాను' అనండి. ఆ తేదీన చెప్పడానికి ఏమీ లేకపోయినా ఫోన్ చేయండి. ఏమీ లేదనే చెప్పండి. ఆవిడ బల్ల మీద కూర్చోవడానికి వస్తే రానివ్వండి, కానీ మీ కోసం ఎదురుచూసే పని ఆవిడకి తగ్గించండి.

నిద్ర గురించి. మూడు వారాలుగా సరిగ్గా నిద్ర లేని మనిషికి రెండు సంబంధం లేని విషయాలు కలిసినట్టు కనిపించడం చాలా సహజం. చెప్పుల సంగతి తప్పని అనడం లేదు, కానీ దాని మీద ఏ నిర్ణయమైనా నాలుగు రాత్రులు పూర్తిగా పడుకున్నాకే తీసుకోండి. ఫైళ్లు ఇంటికి తీసుకెళ్లడం మానేయండి. నిద్ర ఇంకా పట్టకపోతే డాక్టర్ని కలవండి, ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. నేను ఆ పని చాలా ఆలస్యంగా చేశాను, ఇంట్లోవాళ్లు చాలా పడ్డారు.

ఇక ఫోటో. మీ ఆయన మీ గురించి ఆలోచించి తీసేయమన్నారు, ఆయన చెప్పింది సరైనదే, కానీ నాకు వేరే కారణం కూడా కనిపిస్తోంది. మీ టేబుల్ ముందున్న కుర్చీలో ఈ మధ్య ఎవరు కూర్చుంటున్నారు? కొత్త కేసులో చనిపోయిన మహిళ ఇంట్లోవాళ్లు. వాళ్లు తల ఎత్తితే ఎదురుగా ఇంకెవరి కూతురి ఫోటోనో కనిపిస్తోంది. దాన్ని తీసి పాత కేసు నోటు పుస్తకంలో మొదటి పేజీలో పెట్టుకోండి. ఆ పుస్తకం తీసినప్పుడల్లా ముందు ఆ అమ్మాయే కనిపిస్తుంది, మూసి సొరుగులో పెట్టినప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్లకి మీరు పూర్తిగా దొరుకుతారు.

పెద్దాయన్ని కలిశాక ఏం చెప్పాడో నాకు రాయనక్కర్లేదు, అది ఫైల్లోనే ఉండాలి. వెళ్లానని మాత్రం ఒక్క ముక్క రాయండి.